పవర్ బ్యాంకు మీది చెరువు

కార్తీక పౌర్ణమి నాడు పొద్దున ఆరింటికే సత్యమ్మ వంటింట్లో హడావుడి మొదలైంది. ఒక పొయ్యి మీద పులిహోర పోపు, ఇంకో పొయ్యి మీద చాయ్, గట్టు మీద నూనెలో నానుతున్న ఒత్తుల కట్ట. వాడకట్టు ఆడవాళ్లతో కలిసి అనంతగిరి పద్మనాభస్వామి గుడికి పోవాలి. దానికి తాండూరులో ఏడున్నర బండి ఎక్కి వికారాబాదులో దిగాలి. ఆ బండి ఏనాడూ వేళకు రాదని అందరికీ తెలుసు. సత్యమ్మకు మాత్రం అరగంట ముందే స్టేషన్లో కూర్చుంటే గాని మనసు కుదుటపడదు.

"అక్షరా, నా ఫోన్ల చార్జింగ్ ఎంతున్నదో జూడు బిడ్డా" అని కేకేసింది.

"పద్నాలుగు ఉన్నది అత్తమ్మా. నిన్న పెట్టలేదా?"

"పెట్టిన. స్విచ్చి ఎయ్య మర్సిన."

కోడలు పకపకా నవ్వింది. "గందుకే గద నేను పవర్ బ్యాంకు ఇచ్చింది. సంచిల ఏసుకోండ్రి."

అక్షరది వికారాబాదే. మే నెలలో ప్రణయ్‌ని పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. వికారాబాదు స్టేషన్ రోడ్డులో ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. కప్పుల మీద, ఫోన్ కవర్ల మీద, ఏది దొరికితే దాని మీద ఫొటోలు అచ్చేసే పని అది. రోజూ పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వస్తుంది. నాలుగు రోజుల కింద అత్తగారి కోసం ఒక పవర్ బ్యాంకు మీద ఫొటో వేసి తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ ఫొటో చూసి సత్యమ్మ మురిసిపోయిన తీరు చూడాలి. అంతా నీళ్లే. నీలమూ కాదు, పచ్చా కాదు, రెండూ కలిసిన రంగు. నీళ్ల చుట్టూ రొట్టెలు పేర్చినట్టు పొరలు పొరలుగా రాయి. ఒక పక్క మెట్లు, ఇంకో పక్క నీళ్ల మీదికి వంగిన వేపచెట్టు, దాని కొమ్మ మీద రెండు తెల్ల కొంగలు. పాలు పోసే ఆమెకు చూపించింది. పక్కింటి శాంతవ్వకు రెండుసార్లు చూపించింది. "గిది ఏ దేశమో గని శాంతవ్వా, గీ చెర్ల కాళ్లు వెట్టుకోని కూసోవాలనిపిస్తది నాకు" అంది.

నచ్చనిది ఒక్క పాండురంగానికే. సత్యమ్మ దాన్ని బొమ్మ కనిపించేలా కిటికీలో పెడుతుంది. అతను ఆ పక్క నుంచి పోతూ బోర్లా తిప్పుతాడు. ఆమె మళ్లీ తిప్పుతుంది, అతను మళ్లీ బోర్లిస్తాడు. కోడలు అనవసరంగా ఖర్చు పెట్టిందని ముసలాయన సణుగుడు అనుకుంది సత్యమ్మ. ఎందుకంటే ఆ మనిషి ఏ సంగతీ నోరు తెరిచి చెప్పడు. ముప్పై ఏళ్ల కాపురంలో అతను మాట్లాడిన మాటలన్నీ ఒక చేటలో పోసి చెరగొచ్చు.

ఇచ్చిన రోజు అక్షర, "గీ ఫొటో ఎవరు తీసిన్రో చెప్పుకోండ్రి అత్తమ్మా" అని ఊరించింది. అత్త వెనక నిలబడిన మామ వద్దు వద్దని చెయ్యి ఊపాడు. మామయ్యకు సిగ్గేమో అనుకుని, "నెట్ల దొరికింది లెండ్రి" అని మాట మార్చేసింది.

ఆ పొద్దున కూడా సత్యమ్మ కిటికీలో బోర్లా ఉన్నదాన్ని తిప్పి చూసుకుని, కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. పాండురంగం అప్పటికే బయటికి పోయాడు. అతను ఒకరి బండల పాలిషింగ్ యూనిట్లో గుమాస్తా. పని తొమ్మిదింటికైనా రోజూ ఆరింటికే మోపెడ్ తీసుకుని బయలుదేరుతాడు. ఏ హోటల్లోనో కూర్చుని పేపరు చదువుతాడని ఇంట్లో అందరి లెక్క.

స్టేషన్లో భీమమ్మ కలిసింది. ఆమె వీళ్ల పాత ఊరి మనిషి. ఆ ఊరు తాండూరుకు రెండు కోసులే, కాని సత్యమ్మ అటు మొహం పెట్టి పన్నెండేళ్లయింది. భీమమ్మ భర్త బిచ్చయ్య ఒకప్పుడు పాండురంగం దగ్గర బండలు కొట్టేవాడు. పాండురంగానికి అప్పుడు సొంత పొలంలోనే నాపరాయి గని ఉండేది. ఇప్పుడు ఆ గని సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెద్దకొడుకు సాయికిరణ్ సంగతి అసలే ఎత్తరు. పదిహేనేళ్ల పిల్లవాడు జ్వరమొచ్చి పోయాడని అక్షర వాళ్లకు సంబంధం కుదిరే రోజున చెప్పారు. అక్షరకు అంతవరకే తెలుసు.

అనంతగిరిలో గుండంలో స్నానాలయ్యాయి, దీపాలయ్యాయి. అందరూ అడవిలో చెట్ల కింద చీరకొంగులు పరుచుకుని విస్తళ్లు వేసుకున్నారు. అందరం కలిసి ఒక ఫొటో దిగుదామంది శాంతవ్వ. సరిగ్గా అప్పుడే సత్యమ్మ ఫోన్ ఆరిపోయింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి. నా తాన మందున్నది దీనికి" అని సత్యమ్మ సంచిలోంచి పవర్ బ్యాంకు తీసి దర్జాగా వైరు తగిలించింది. "మా కోడలు అచ్చేసింది. జూడు భీమమ్మా, ఎంత సక్కటి చెరువో."

భీమమ్మ చేతులు తుడుచుకుని అందుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"చెరువెక్కడిది వదినె? గిది మన గనే గద" అంది.

"ఏ గని?"

"మీ గనే. గీ మెట్లు మా ఆయన కొట్టినయి. ఆయనది ఎడమచెయ్యి వాటం, గందుకు మెట్లన్ని గిటు వొరిగుంటయి. బండలు భుజం మీద మోస్కొని పైకి రానికి కొట్టిండు. అందరు నవ్వుతుండె, బిచ్చన్న మెట్లు తాగినోనిలెక్క ఉన్నయని." భీమమ్మ నవ్వుతూనే తలెత్తి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

సత్యమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గని పూడ్చిన్రు గదనే. నలభై టిప్పర్ల మన్ను పోయించి పూడ్చిండు" అంది నెమ్మదిగా.

"ఎవరు చెప్పిన్రు?"

"మా ఆయన చెప్పిండు."

భీమమ్మ చేతిలో ఉన్నది తిరిగి ఇయ్యనూ లేక, పట్టుకోనూ లేక అట్లా ఉండిపోయింది. "నాకు తెల్వకపాయె వదినె. నీకు తెల్సనుకున్న. చుట్టు ముండ్ల తీగ కట్టిండు. తలుపు వెట్టిండు, తాళం ఏసిండు. పూడ్సుడైతే పూడ్వలె."

సత్యమ్మ పవర్ బ్యాంకు లాక్కుని సంచిలో వేసుకుంది. అన్నం విస్తరి పక్కకు జరిపి లేచింది. నాలుగు రోజులుగా పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ ఆపి చూపించింది. కాళ్లు పెట్టుకుని కూర్చోవాలనిపిస్తుందని నోరారా అంది. తన కొడుకును మింగిన నీళ్లను కొంగుతో తుడిచి తుడిచి పెట్టుకుంది. శాంతవ్వ వెంట వస్తానంటే వద్దని, ఒక్కతే ఆటో ఎక్కి వికారాబాదు బజారుకు దిగింది.

స్టూడియోలో అక్షర ఎవరిదో పెళ్లి కప్పు ఆరబెడుతోంది. అత్తను చూసి, "అప్పుడే అయిపాయెనా అత్తమ్మా?" అంది.

"గీ ఫొటో నీకెక్కడిది?"

ఆ గొంతు వినగానే అక్షర చేతిలోని కప్పు కింద పెట్టేసింది. "మామయ్య తీసిందే. మొన్న దసరాకు ఫోన్ నిండిపోయింది, ఒక్కటి గూడ పోకుండ ఏడనన్న దాచిపెట్టు బిడ్డా అంటే గీ కంప్యూటర్ల ఏసిన. మామయ్యకు గింత మంచిగ ఫొటోలు తీయొస్తదని అప్పుడే తెల్సింది. మీకు చెప్పుదామంటే వద్దని చెయ్యి ఊపిండు."

"చూపియ్యి."

అక్షర కంప్యూటర్ తెరిచింది. తెర నిండా అవే నీళ్లు. కిందికి జరుపుతూ ఉంటే అయిపోవడం లేదు. వానలో నీళ్లు, ఎండలో నీళ్లు, వేసవిలో అడుగంటిన నీళ్లు. నాలుగేళ్ల ఫొటోలు, రోజుకొకటి లెక్కన.

"పదమూడు వందల మీదున్నయి అత్తమ్మా. ఒక్కదాంట్ల గూడ మనిషి లేడు. అందుకే ప్రకృతి ఫొటోలంటే ఇష్టమేమో అనుకున్న." ఆ పిల్లకు భయం పట్టుకుంది. "నేనేమన్న తప్పు జేసిన్నా?"

సత్యమ్మ కుర్చీలో కూలబడి, "నన్ను ఇంటికి తీస్కపో బిడ్డా" అంది.

మధ్యాహ్నం బండిలో జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్న సత్యమ్మ చాలాసేపు బయటికే చూసింది. కంది చేలు పచ్చగా పూత మీదున్నాయి. ఒక స్టేషన్ దాటాక తనంతట తానే మొదలుపెట్టింది.

"సాయి జ్వరమొచ్చి పోలె. మా గనిల మునిగి పోయిండు. జ్వరమని మీవాళ్లకు చెప్పింది నేనే. మునిగి పోయిండంటే ఎవరి గని అని అడుగుతరు. మాదే అని చెప్పాలె గద."

అక్షర ఆమె చెయ్యి పట్టుకుంది.

"గా యేడు రాయి మంచిగ పడుతలేదని మీ మామ పని బందు వెట్టిండు. రాయి తీస్తున్నన్ని దినాలు మోటరు వెట్టి నీళ్లు తోడుతుంటరు. మోటరు బందయితే గని నిండుతది. ఒక్క వానాకాలంల నిండింది. నేనైతే గా గని కాడికి ఎన్నడు పోలె. నేను సాయికి చెప్పిన, గని దిక్కు పోకు కొడకా, మస్తు లోతుంటది అని. పోనమ్మా అన్నడు. గట్లనే అన్నడు, అన్నం తినుకుంట. మల్ల పగటిపూట మంచం మీద ఏసుకొచ్చిన్రు."

"అత్తమ్మా, ఇగ చెప్పకుండ్రి."

"చెప్పనియ్యి. పన్నెండేండ్ల సంది చెప్పలె." ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. "నేను గని దగ్గరికి ఉరుకుతుంటే పట్టుకున్నరు. ఆడోళ్లు అటు రావద్దన్నరు. పెండ్లిగాని పోరడని పూడ్చిపెట్టిన్రు, గక్కడికి గూడ రానియ్యలె. వాడు పోయిన తావు నేను చూడలె, వాన్ని వెట్టిన తావు చూడలె. నాకేం మిగిలింది జెప్పు. కోపం మిగిలింది. పోనని చెప్పి పోయిండు గద. గా మురికి గుంతల ఏమున్నదని దిగిండు? పాములు, పాచి. గంత సక్కగ పెంచితే, నా మాట ఇనకుండ గా బురదల దిగి నన్ను గిట్ల జేసి పోయిండు. గా కోపంతోటే వాని ఫొటో గోడకు ఎక్కియ్యలె. పెట్టెల అడుగున ఉన్నది. దినం నాడు ఒక దండ ఎయ్యాలన్నా నా చెయ్యి రాదు."

ఆ మురికి గుంత బొమ్మ ఆమె ఒడిలోని సంచిలోనే ఉంది. అక్షరకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, కాని అనలేదు.

"మీ మామను ఒక్కటే అడిగిన. గుంత పూడ్చెదాక పచ్చి మంచినీళ్లు ముట్టనన్న. ఇంకో తల్లికి గిట్ల గావద్దన్న. నాలుగు దినాలకు ఒళ్లంత మన్ను కొట్టుకొని వచ్చిండు. పూడ్చిన అన్నడు. అప్పుడు తాగిన నీళ్లు. గా ఒక్క మాట మీదనే ఇన్నేండ్లు బతికిన బిడ్డా."

సాయంత్రం ఆరు కాకముందే పాండురంగం ఇంటికొచ్చాడు. ప్రణయ్ కూడా సిమెంటు ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సత్యమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. భర్త చెప్పులు విడిచేదాకా కూడా ఆగలేదు.

"గని పూడ్చినవా?"

పాండురంగం ఒక చెప్పుతో అట్లాగే నిలబడ్డాడు. కోడలి వైపు చూశాడు, భార్య చేతిలోని పవర్ బ్యాంకు వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"నోట్ల నాలుక లేదా? నలభై టిప్పర్లన్నవు. నా ముంగట నిలబడి చెప్పినవు. గిదేంది? గీ నీళ్లేంది?"

"అమ్మా, జర నిమ్మళంగ మాట్లాడు" అని ప్రణయ్ అడ్డం వచ్చాడు. "నాయిన తప్పు లేదు. నాకు తెల్సు గద."

"నీకు తెల్సా?"

ప్రణయ్ నాలుక కరుచుకున్నాడు కాని అప్పటికే ఆలస్యమైంది. "పదో తరగతిల సైకిల్ మీద పోయి చూసిన" అన్నాడు గొణుగుతూ.

"అంటే నీకు తెల్సు. భీమమ్మకు తెల్సు, ఊరందరికి తెల్సు. మన్నంత తెచ్చి నా ఒక్కదాని కండ్లల్ల గొట్టిన్రు!" సత్యమ్మ గొంతు వాడకట్టంతా వినిపించేంత లేచింది. "ఇంకెవని కొడుకన్న పడితే? గా తల్లి నన్ను అడిగితే ఏం చెప్పాలె నేను? ఎందుకు పూడ్వలే జెప్పు. ఇయ్యాల చెప్పకపోతే నేను గీ ఇంట్ల ఉండ. మా చెల్లె ఈశ్వరమ్మ దగ్గరికి పోత. మల్ల రాను."

ఆమె ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పాండురంగం గడప మీద కూర్చున్నాడు.

"టిప్పర్లు వచ్చినయి" అన్నాడు. "యాసీన్ బండ్లు. మొదటి బండి వెనకకు వచ్చి ఒడ్డు మీద నిల్సింది. మన్ను ఎత్తాల్నా పటేలా అని అడిగిండు యాసీన్. నాకు నోరు రాలె. దానికి వారం దినాల ముంగటనే వాని మీద మొదటి పిడికెడు మన్ను నేనేసిన. తండ్రే ఎయ్యాలన్నరు. కండ్లు మూస్కొని ఏసిన. మల్ల రెండోసారి ఎయ్యమంటే నా చేతనైతదా సత్తెమ్మా? మోటరు బందు వెట్టింది నేను. నీళ్లు నింపింది నేను. వాన్ని చంపిందే నేను. మల్ల మన్ను గూడ నేనే పొయ్యాల్నా?"

ఇంకో కాలి చెప్పు విడిచి పక్కన పెట్టాడు.

"బండ్లు వాపస్ పంపిన. తీగ తెచ్చి రాతి కడీలు పాతిన. గా మన్నే నా బట్టలకు అంటింది. ఇంటికొస్తే నువ్వు మంచంల ఉన్నవు. నాలుగు దినాల సంది నీళ్లు లేవు నీకు. అక్క ఇగ బతకది బావా అని ఈశ్వరమ్మ నా కాళ్లు పట్టుకున్నది. నువ్వు కండ్లు తెర్సి పూడ్చినవా అని అడిగినవు. పూడ్చిన అన్న. ఇంకేమనాలె?"

"మరి ఫొటోలెందుకు మామయ్యా?" అక్షర మెల్లగా అడిగింది. ఆ పిల్లకు ఏడుపు ఆగడం లేదు.

"పొద్దుగాల్ల పోయి తీగ చూస్త. తెగితే కడత. నీళ్లు చూస్త. ఒక ఫొటో తీస్కొని వస్త. పనిల కూసున్నంక గుబులైతది, ఎవరన్న ఉండిన్రా, నేను సరిగ చూసిన్నా లేదా అని. అప్పుడు ఫోన్ తీసి చూస్త. నీళ్లల్ల ఎవ్వరు లేరు గద అని చూస్కుంట. లేకపోతే చెయ్యి పనికి రాదు."

పదమూడు వందల ఫొటోల్లో ఒక్క మనిషి ఎందుకు లేడో అక్షరకు అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

సత్యమ్మ మాత్రం మెత్తబడలేదు. పన్నెండేళ్ల అబద్ధం ఒక్క మాటతో అరిగేది కాదు. "నువ్వు ఫొటో తీసి మోపెడ్ ఎక్కినంక ఎవడన్న దిగితే?" అంది.

ఆమె పవర్ బ్యాంకును కోడలి చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

తెల్లవారి ఆరింటికి పాండురంగం మోపెడ్ తాళం కోసం చెయ్యి చాపేసరికి సత్యమ్మ చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నన్ను తీస్కపో" అంది.

"సత్తెమ్మా, వద్దు."

"ఆడోళ్లు రావద్దనేటోళ్లు ఇప్పుడెవరు లేరు. నడువు."

రాళ్ల బాట మీద బండి ఎగిరినప్పుడు ఆమె అతని భుజం పట్టుకుంది, బాట బాగుపడగానే వదిలేసింది. పాత ఊరు దాటాక, విరిగిన బండల కుప్పల మధ్య బండి ఆగింది. తుప్పు పట్టిన రేకు తలుపుకు ఉన్న తాళం తీశాడు. ఆమె ముందు నడిచింది.

మంచు అప్పుడే విడుతోంది. కింద నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఆకాశం మొత్తం అందులో ఉంది. అడుగున రాతి పొర కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్లు. గట్టు మీద నిలబడితే చల్లటి గాలి మొహానికి తగిలింది. పాచి లేదు, బురద లేదు, ఆమె పన్నెండేళ్లుగా చూసుకున్న నల్లటి గుంత ఎక్కడా లేదు.

"ఏడ?" అంది.

పాండురంగం మెట్ల వైపు చెయ్యి చూపించాడు. "బట్టలు ఆఖరి మెట్టు మీద మంచిగ మడతవెట్టి ఉండె" అన్నాడు.

సత్యమ్మ మెట్ల దాకా పోయింది. పోయి కూర్చుంది. చాలాసేపు నీళ్లను చూసింది. ఆనాడు పగటి ఎండలో చెమటతో ఇక్కడిదాకా నడిచొచ్చిన పదిహేనేళ్ల పిల్లవాడు ఈ నీళ్లను చూసి ఉంటాడు. అమ్మ మాట గుర్తొచ్చి ఉంటుంది. ఒక్క నిమిషమైనా ఆగి ఉంటాడు. బట్టలు తడిస్తే అమ్మ కనిపెడుతుందని మడత పెట్టుకుని ఉంటాడు.

"గింత సక్కగుంటయని నాకు తెల్వకపాయె" అంది సత్యమ్మ. "గింత సక్కగుంటే దిగకుండ ఎట్లుంటడయ్యా? పిల్లడు గద. నేను గూడ... నేను గూడ కాళ్లు వెట్టుకోని కూసోవాలె అన్న గద. నేను ముసల్దాన్ని, నాకే గట్లనిపిచ్చె. వాడు పిల్లడు గద!"

పన్నెండేళ్లు కొడుకు మీద పట్టుకున్న కోపం ఒక్కసారిగా పట్టు వదిలింది. దాని కింద ఏమీ లేదు, ఉత్త ఏడుపే ఉంది. "తిట్టిన కొడకా, దినాం తిట్టిన, నీకొక్క దండ ఎయ్యలె" అని రాయి మీద తల ఆనించి ఏడ్చింది. పాండురంగం దగ్గరికి రావడానికి భయపడ్డాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె జరగలేదు. అతను కూడా ఏడ్చాడు, కాని చప్పుడు లేదు. అతనికి చప్పుడు చేసే అలవాటు పోయి చాలా ఏళ్లయింది.

ఎండ నీళ్ల మీదికి దిగింది. కళ్లు తుడుచుకుని లేస్తుంటే సత్యమ్మకు అవతలి ఒడ్డు కనిపించింది. అక్కడ తీగ రెండు వరసలు తెగి వంగి ఉంది. తెగిన చోట ఒక సబ్బు ముక్క, పిండి ఆరేసిన ఒక చిన్న నిక్కరు.

"గదేంది?"

"వారానికొకసారి తెంపుతరు" అన్నాడు పాండురంగం నీరసంగా. "నేను కడత, వాళ్లు తెంపుతరు. తరిమితే నవ్వుకుంట ఉరుకుతరు. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఇనరు."

"ఎట్లింటరు? వాళ్లకు గూడ సక్కగనే కనిపిస్తది గద."

ఇద్దరూ ఆ చిన్న నిక్కరు వైపే చూస్తూ ఉండిపోయారు. ఇక ఆమె కోపంతో అనలేదు. చాలా అలసిపోయిన మనిషి అన్నట్టు అంది.

"యాసీన్‌కు ఫోన్ కొట్టు."

పాండురంగం ఫోన్ తీశాడు. రెండోసారికి కలిసింది. అవతలి నుంచి "ఆ పటేలా, సలాం, చెప్పుండ్రి" అని వినిపించింది. అతను నోరు తెరిచాడు. "యాసీనూ, మన గని..." అన్నాడు, అంతకు మించి మాట రాలేదు. "హలో, పటేలా, హలో?" అంటున్నాడు యాసీన్.

సత్యమ్మ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఇంకో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"యాసీనూ, నేను సాయి వాళ్ల అమ్మను. గని కాడున్నం. మన్ను బండ్లు తీస్కరా."

"వస్తున్నమ్మా" అన్నాడు యాసీన్ మెల్లగా. "ఎన్ని బండ్లు తేవాలె?"

ఆమె నీళ్ల వైపు ఆఖరుసారి చూసింది.

"నిండెదాక తే నాయినా" అంది.